ముట్టుకోని పరీక్ష: ఇంట్లో చేసుకునే వైరస్ పరీక్ష వాడకేమిస్తుంది?

తెలుగులో 'అంటు' అనే మాటను రెండు చోట్ల వాడతాం. రోగం ఒకరి నుంచి ఇంకొకరికి సోకితే అది అంటువ్యాధి. మన కులాల్లో పుడితే అంటరానివాళ్ళం. మాట ఒకటే గానీ నియమం ఒకటి కాదు. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి ఊరివాళ్ళు కొన్నాళ్ళు దూరంగా ఉండేవాళ్ళు. తగ్గిన తర్వాత మండలు తీసేసి మళ్ళీ కలుపుకునేవాళ్ళు. వాడకు కట్టిన మండలు మాత్రం తరాలు గడిచినా ఎవరూ విప్పలేదు. రోగం అంటిందని చెప్పాలంటే ఏదో ఒక గుర్తు చూపించాలి. కులం అంటుకు ఋజువు ఎవరూ అడగలేదు. 2020లో కరోనా వచ్చి, ప్రభుత్వాలూ పత్రికలూ 'సామాజిక దూరం' పాటించమన్నప్పుడు మనలో చాలామందికి ఒళ్ళు మండింది అందుకే. 'భౌతిక దూరం' అనడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మార్చిలోనే చెప్పింది. అయినా మన దగ్గర పాత మాటే ఎక్కువగా నడిచింది.

ఆ కరోనా కాలంలోనే ఇంకో కొత్త వస్తువు మందుల షాపుకు వచ్చింది. డాక్టరు, నర్సు, ల్యాబు మనిషి ఎవరూ లేకుండా ఎవరి ముక్కులో వాళ్ళే పుల్ల పెట్టుకుని పావుగంటలో ఫలితం చూసుకునే పట్టీ అది. ఎయిడ్స్ కారక వైరస్ హెచ్.ఐ.వి.కి ఇట్లాంటి పరీక్ష అంతకు ముందే అమెరికాలో వచ్చింది. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-సి కి కూడా స్వీయ పరీక్ష వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జులైలో సిఫారసు చేసింది. వీటి గురించి రాసేవాళ్ళు సౌకర్యం గురించి, వేగం గురించి రాస్తారు. ఇంకొకరి చెయ్యి ఒంటి మీద పడకుండా జరిగే పరీక్ష, ముట్టుకోవడమే పెద్ద సమస్యగా బతికిన జనానికి ఏమవుతుంది అన్న ప్రశ్న మనం వేసుకోవాలి. దానికంటే ముందు ఆ వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. తెలుసుకోకుండా మెచ్చుకున్నా, తిట్టినా లాభం లేదు.

పట్టీలో జరిగేది ఏమిటి?

గర్భం వచ్చిందో లేదో చూసుకునే పట్టీ చాలామంది ఆడవాళ్ళకు తెలుసు. వైరస్ పట్టీ కూడా అదే పద్ధతిలో పనిచేస్తుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో నైట్రోసెల్యులోజ్ అనే పదార్థంతో చేసిన సన్నటి తెల్లటి పట్టీ ఉంటుంది. ముక్కులోంచి తీసిన స్రావాన్ని ఒక ద్రవంలో కలిపి రెండు మూడు చుక్కలు ఒక చివర వేస్తాం. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు పట్టీ ఆ చుక్కల్ని రెండో చివరకు పీల్చుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు.

చుక్కలు వేసే చోటికి దగ్గర్లో ఆ వైరస్‌ను మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే ప్రతిరక్షకాలను ఆరబెట్టి ఉంచుతారు. చాలా పట్టీల్లో ఆ ప్రతిరక్షకాలకు కంటికి కనపడనంత చిన్న బంగారు రేణువులు అతికించి ఉంటాయి. అంత చిన్నగా ఉన్నప్పుడు బంగారం ఎర్రగా కనిపిస్తుంది. స్రావంలో వైరస్ ఉంటే ఇవి దానికి అతుక్కుని ముందుకు పోతాయి. దారిలో 'టి' అని రాసి ఉన్న చోట అదే వైరస్‌ను పట్టుకునే మరికొన్ని ప్రతిరక్షకాలను గీతలాగా కదలకుండా అతికించి ఉంచుతారు. వైరస్ అక్కడ చిక్కుకుంటుంది. దానితో పాటు వచ్చిన రేణువులు గుంపుగా చేరి ఎర్ర గీత అవుతాయి. వైరస్ లేకపోతే చిక్కుకునేది ఉండదు, గీత రాదు.

ఆ తర్వాత 'సి' గీత ఉంటుంది. వైరస్ ఉన్నా లేకపోయినా ఈ గీత రావాల్సిందే. ద్రవం చివరిదాకా పారిందనీ, రేణువులు కదిలాయనీ అది సాక్ష్యం చెప్తుంది. 'సి' గీత రాకపోతే 'టి' దగ్గర గీత వచ్చినా ఆ పరీక్ష చెల్లదు. కొత్త పట్టీతో మళ్ళీ చేసుకోవాలి. రెండు గీతల్లో 'టి' గీత పలచగా ఉన్నా గీత కిందే లెక్క. అయితే చెప్పిన సమయంలోపలే చూడాలి. మన దేశంలో మొదట అనుమతి పొందిన కరోనా ఇంటి పరీక్షలో 15 నిమిషాలకు చూడాలి, 20 నిమిషాలు దాటాక వచ్చిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. కరోనా పట్టీ వైరస్ శరీరంలోని ముక్కనే వెతుకుతుంది. చిగుళ్ళ మీద పుల్ల రుద్ది చేసే హెచ్.ఐ.వి. పరీక్ష వైరస్‌ను వెతకదు, ఆ వైరస్ మీద మన ఒళ్ళు తయారు చేసిన ప్రతిరక్షకాలను వెతుకుతుంది. నోటిలో పరీక్ష చేస్తున్నారు కాబట్టి ఎంగిలితో హెచ్.ఐ.వి. వస్తుందని అనుకోవడం పూర్తిగా తప్పు. ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే, ఒకే కంచంలో తింటే అది రాదు. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన జనం మనం. రోగం పేరు చెప్పి ఎవరి గ్లాసైనా విడిగా పెడితే దానికి శాస్త్రం ఒప్పుకోదని మనమే ముందు చెప్పాలి.

పట్టీ ఎక్కడ పొరపడుతుంది?

మొదటిది, వైరస్ ఉన్నా లేదనడం. ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో యంత్రం వైరస్ జన్యు పదార్థాన్ని లక్షల కోట్ల రెట్లు పెంచి వెతుకుతుంది. పట్టీకి ఆ శక్తి లేదు. ఉన్నదాన్ని ఉన్నంతలోనే పట్టుకోవాలి. ముక్కులో వైరస్ ఎక్కువగా ఉన్న రోజుల్లో బాగానే పట్టుకుంటుంది గానీ, మొదటి రోజుల్లో, చివరి రోజుల్లో తప్పిపోవచ్చు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2021 మేలో ఇంటి పరీక్షకు అనుమతిస్తూ, జ్వరం, దగ్గు లాంటి లక్షణాలున్నవాళ్ళకూ రోగులతో దగ్గరగా మెలిగినవాళ్ళకూ మాత్రమే దాన్ని సూచించింది. రెండు గీతలొస్తే రోగం ఉన్నట్టే లెక్క. లక్షణాలుండి ఒక్క గీతే వస్తే వెంటనే ఆర్.టి.పి.సి.ఆర్. చేయించుకోవాలని చెప్పింది. ఒక్క గీత చూసి మర్నాడు కూలికి పోయినవాళ్ళకు ఈ రెండో సగం ఎవరు చెప్పారు?

హెచ్.ఐ.వి. విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత ఇట్లాంటి పట్టీ పట్టుకోగలిగినంత ప్రతిరక్షకాలు తయారవడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. ఆ లోపు పరీక్ష చేసుకుని లేదని నిశ్చింతగా ఉంటే అది మోసపోవడమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012 జులైలో ఓరాక్విక్ అనే ఇంటి పరీక్షకు అనుమతిచ్చినప్పుడు ఒక మాట దాచకుండా చెప్పింది. మామూలు మనుషులు తమంతట తాము వాడినప్పుడు, వైరస్ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి లేదని ఫలితం రావచ్చు.

రెండోది, వైరస్ లేకున్నా ఉందనడం. దీనికి చిన్న లెక్క వేసి చూద్దాం. 2021 జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 0.21 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉంది. అంటే 10,000 మందిలో 21 మంది. ఒక పట్టీ ఆ 21 మందినీ తప్పకుండా పట్టుకుంటుందనీ, వైరస్ లేనివాళ్ళలో 1,000 మందికి అయిదుగురి విషయంలో మాత్రం పొరపడుతుందనీ అనుకుందాం. వినడానికి చాలా మంచి పట్టీయే. కానీ వైరస్ లేని 9,979 మందిలో దాదాపు 50 మందికి రెండు గీతలొస్తాయి. మొత్తం 71 మందికి రెండు గీతలు వస్తే అందులో నిజంగా వైరస్ ఉన్నది 21 మందికే. ఆంధ్రప్రదేశ్‌లో అదే అంచనా 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఆంధ్రప్రదేశ్ లెక్క తీసుకుంటే 67 మందివి నిజమైన ఫలితాలు, 50 మందివి తప్పు ఫలితాలు. పట్టీ అదే, జనం మారితే దాని మాటకున్న విలువ మారుతుంది.

కాబట్టి ఇంట్లో రెండు గీతలు రాగానే హెచ్.ఐ.వి. ఉందని నిర్ధారణ అయినట్టు కాదు. స్వీయ పరీక్షను 2016లో సిఫారసు చేసినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ సంగతే చెప్పింది. మన దేశంలో హెచ్.ఐ.వి. ఉందని తేల్చడానికి మూడు వేర్వేరు పరీక్షలు చెయ్యాలనే నియమం ఉంది. ఐ.సి.టి.సి. అని జనానికి తెలిసిన ప్రభుత్వ కేంద్రాల్లో ఆ పరీక్షలు ఉచితం. హెపటైటిస్-సి లో ఇంకో చిక్కుంది. రోగం పూర్తిగా నయమైన తర్వాత కూడా ప్రతిరక్షకాలు ఒంట్లో మిగిలిపోతాయి. రెండు గీతలొచ్చినవాళ్ళకు వైరస్ ఇప్పుడు ఉందా లేదా అని ఇంకో పరీక్ష చెయ్యాలి. ఉంటే భయపడాల్సిన పని లేదు, మూడు నెలల పాటు మాత్రలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు.

చెయ్యి ఎవరిది?

అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ను 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పుస్తకంగా వేసింది. అందులో తన అనుభవాలతో పాటు 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని కూడా చేర్చాడు. అది కాఠియావాడ్‌లోని ఒక దళిత బడిపంతులు రాసింది. బాలింతగా ఉన్న అతని భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. చివరికి ఆమెను వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. అప్పుడైనా ముట్టుకోలేదు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన దాన్ని భర్తకిచ్చాడు. భర్త భార్యకు పెట్టి చూశాడు. మళ్ళీ అదే వరసలో థర్మామీటరు డాక్టరు చేతికి చేరింది. దాన్ని దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. మందు పంపించాడు. తర్వాత ఫీజు ఇచ్చినా మళ్ళీ వచ్చి చూడటానికి ఒప్పుకోలేదు. ఆమె చనిపోయింది.

ఇంటి పరీక్ష గురించి ఆలోచించేటప్పుడు ఈ సంఘటనను మనం దాటిపోలేం. ఒక వైపు నుంచి చూస్తే ఇవాళ ఆ భర్తకు ముగ్గురి చేతులు మారే థర్మామీటరు అక్కర్లేదు. ఎవడి దయా లేకుండా తన భార్య ఒంటి సంగతి తనే తెలుసుకోగలడు. ఇది చిన్న విషయం కాదు. సుఖరోగాల గురించి, ఎయిడ్స్ గురించి అడగడానికి వెళ్ళిన మన ఆడవాళ్ళను ఆసుపత్రి వరండాలో నలుగురి ముందు పేరు పెట్టి పిలిచి, కులాన్నీ నడవడినీ కలిపి మాట్లాడిన సంఘటనలు నా పరిశోధనలో ఎన్నోసార్లు విన్నాను. ఆ భయంతో పరీక్షకే పోనివాళ్ళున్నారు. వాళ్ళ ఫలితం ముందు వాళ్ళకే తెలియడం అన్నది హక్కుకు సంబంధించిన విషయం. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్.ఐ.వి. చట్టం కూడా మనిషి తెలిసి ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యరాదనీ, ఫలితాన్ని బయటపెట్టరాదనీ, ఆ కారణంగా ఉద్యోగంలో, వైద్యంలో, చదువులో వివక్ష చూపరాదనీ చెప్తుంది.

రెండో వైపు నుంచి కూడా చూడాలి. 1929లో పరీక్ష జరిగింది, రోగం పేరూ తెలిసింది. ప్రాణం పోయింది ఆ తర్వాత డాక్టరు రానందువల్ల. పట్టీ ఇంటికి పంపించాం కదా, ఇక మీరే చూసుకోండి అని ప్రభుత్వం అనడం మొదలుపెడితే అది అదే డాక్టరు పని. వాడకు పరీక్ష వెళ్ళిందా అని అడిగితే సరిపోదు. రెండు గీతలు వచ్చిన మనిషి దగ్గరకు మర్నాడు ఎవరొచ్చారని అడగాలి.

ధర, ఫోను, గది

2021 మేలో పుణెకు చెందిన మైల్యాబ్ కంపెనీ కొవిసెల్ఫ్ పట్టీ ధర 250 రూపాయలు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. రోజంతా మట్టి తవ్వినా ఒక పట్టీ రాదు. అయిదుగురున్న ఇంట్లో అందరూ ఒకసారి చూసుకోవాలంటే 1,250 రూపాయలు కావాలి. ఇంగ్లండులో 2021 ఏప్రిల్ 9 నుంచి దాదాపు ఏడాది పాటు ఎవరైనా వారానికి రెండు సార్లు చేసుకోవడానికి పట్టీలు ఉచితంగా ఇచ్చారు. అంటే ఇది ఉచితంగా ఇవ్వలేని వస్తువేమీ కాదు, ఇవ్వాలని అనుకోవాలి.

పైగా మన దగ్గర వాడకం నియమాల్లోనే ఫోను ఉంది. కంపెనీ ఆప్‌ను ఫోనులో వేసుకోవాలి, పేరు నమోదు చెయ్యాలి, పట్టీని ఫొటో తీసి పంపాలి. స్మార్ట్ ఫోను ఇంటికొకటి ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలుసు. ఫోను లేని ఆడమనిషికి గీతలొస్తాయి గానీ కాగితం రాదు. కాగితం ఎందుకు అని చదువుకున్నవాళ్ళు అడగవచ్చు. సుప్రీం కోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు తర్వాత కరోనాతో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 50,000 రూపాయల సాయం ప్రకటించారు. అది కరోనా మరణమేనని నిరూపించడానికి పరీక్ష ఫలితమో, ఆసుపత్రిలో డాక్టరు నిర్ధారణో చూపించాలన్నారు. ఇంట్లో చూసుకుని చెత్తలో పారేసిన రెండు గీతలను దరఖాస్తుకు జత చెయ్యలేం. ఫలితాన్ని దాచుకునే హక్కు ఎంత ముఖ్యమో, అవసరమైనప్పుడు లెక్కలోకి ఎక్కే హక్కూ అంతే ముఖ్యం.

ఇక గది సంగతి. రెండు గీతలొస్తే విడి గదిలో ఉండాలి అని సూచనల కాగితం చెప్తుంది. ఈ పట్టీ గురించి వివరిస్తుంటే మా పెద్దమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "బిడ్డా, నాకు రెండు గీతలొస్తే నన్నెక్కడ పండబెడ్తరు?" ఒక్క అర్ర ఉన్న ఇల్లు ఆమెది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఆమె. పట్టీ కనిపెట్టినవాళ్ళ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. జవాబు చెప్పాల్సింది ఊళ్ళో బడి, పంచాయతీ ఆఫీసు, కమ్యూనిటీ హాలు తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళు.

వాడేసిన పట్టీ ఎక్కడికి పోతుంది?

ఇంట్లో పరీక్ష అంటే చెత్త కూడా ఇంట్లోదే. ముక్కులో పెట్టిన పుల్ల, రక్తం పరీక్షయితే వేలికి గుచ్చిన సూది, రక్తం అంటిన దూది అన్నీ మర్నాడు చెత్త బండిలోకి పోతాయి. ఆ బండి దగ్గర ఉండేది ఎవరో చెప్పనక్కర్లేదు. మాదిగలు, రెల్లివాళ్ళు, మెహతర్లు, ఎక్కువమంది కాంట్రాక్టు కూలికి పనిచేసేవాళ్ళు, చేతికి సరైన తొడుగులు లేనివాళ్ళు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. ఒక్క సూది గుచ్చుకున్నా చాలు. ఆసుపత్రి చెత్తకు 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, రంగు సంచులొచ్చాయి. అదే ఏడాది వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు ఇళ్ళలో వాడిన సూదుల్ని కూడా ప్రమాదకరమైన చెత్తగా విడిగా పెట్టాలన్నాయి. కొవిసెల్ఫ్ పెట్టెలోనే వాడిన వస్తువులు వేసి మూతి కట్టడానికి ఒక సంచి ఇచ్చారు. ఆ సంచి ఎందుకో చదివి వాడినవాళ్ళ మీదే ఆ పారిశుద్ధ్య కార్మికురాలి చెయ్యి ఆధారపడి ఉంది.

హెపటైటిస్-బి కి టీకా ఉంది. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దేశంలోనే తయారు చేసి తక్కువ ధరకు తెచ్చింది. టీకా తయారైన నగరంలో రోడ్లు ఊడ్చే ప్రతి మనిషికీ ఆ మూడు డోసులు పడ్డాయా అని మునిసిపల్ కార్మిక సంఘాలు అడగాలి.

మనం అడగాల్సినవి

ఇంటి పరీక్షను వద్దనడం మన పని కాదు. మన ఒంటి సంగతి మనకే ముందు తెలియడం మంచిదే. అది నిజంగా మనకు పనికి రావాలంటే కొన్ని జరగాలి. సూచనలు తెలుగులో, బొమ్మలతో ఉండాలి, చదువు రాని మనిషి కూడా 'సి' గీతకూ 'టి' గీతకూ తేడా చూసుకోగలగాలి. పట్టీలు ఉప కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరకాలి, పేరు రాయకుండా తీసుకోవడానికి వీలుండాలి. ఫోను లేనివాళ్ళు కోరుకుంటే ఫలితాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చే మనిషి ఉండాలి. రెండు గీతలొచ్చినవాళ్ళకు నిర్ధారణ పరీక్ష, మందు అందే దాకా దారి ఖర్చు కూడా ప్రభుత్వమే పెట్టుకోవాలి. హెచ్.ఐ.వి. గురించి ఎవరినీ అడగలేనివాళ్ళు 1097 నెంబరుకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. ఈ నెంబరు ప్రతి వాడలో గోడ మీద రాయాలి. చెత్త ఎత్తే కార్మికులకు టీకా, తొడుగులు ఇచ్చిన తర్వాతే ఇళ్ళకు సూదులున్న పట్టీలు పంపాలి.

మన యువజన సంఘాలు, అంబేద్కర్ సంఘాలు జయంతులకు వైద్య శిబిరాలు పెడుతున్నాయి. వచ్చే శిబిరంలో ఒక పట్టీ విప్పి, పై లెక్కను పలక మీద వేసి, ఒక్క గీత వచ్చినా ఎందుకు నమ్మేయకూడదో, రెండు గీతలొచ్చినా ఎందుకు కుంగిపోకూడదో చూపించమని నా మనవి. దానికి గంట చాలు, డాక్టరు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ తర్వాత అందరం కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి, నిర్ధారణ పరీక్షలు ఇక్కడ ఏ రోజుల్లో చేస్తారు, ఎవరు చేస్తారు అని రాతపూర్వకంగా అడుగుదాం.